లోపల వదిలే గుడ్డ

మా కుట్టు మాస్టరమ్మ పోయింది. ఎదురింటివాళ్ల ఫోనుకి కబురు వచ్చింది. నేను మిషను మీద ఉన్నాను, ఎవరి పిల్లదో స్కూలు చొక్కా, చెయ్యి అతుకుతున్నాను. ఎదురింటావిడ గుమ్మంలో నిలబడి, "మీ మాస్టరమ్మగారట... పొద్దున్నేనట" అంది. నేను తొక్కడం ఆపలేదు. ఆ చెయ్యి అతకడం పూర్తిచేసి, దారం తెంపి, చొక్కా మడతపెట్టి, అప్పుడు ఏడ్చాను. కుట్టు మధ్యలో వదిలేసి లేచేవాళ్లంటే మాస్టరమ్మకి ఒళ్లు మంట.

ఏడుపు ఎంతోసేపు నిలవలేదు. దాని వెనకాలే కోపం వచ్చింది. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు వాళ్ల మంచితనం రాయాలి, పాత గొడవలు తవ్వకూడదు అని పెద్దలు అంటారు. మంచితనం రాస్తాను. ఆవిడ నేర్పిన పనితోనే ఈ భిలాయిలో నెహ్రూ నగర్ రోడ్డు పక్కన దుకాణం పెట్టుకుని తలెత్తుకు బతుకుతున్నాను, ఆ రుణం ఇలాంటి నాలుగు కాగితాలతో తీరేది కాదు. కానీ గొడవ కూడా రాస్తాను. ఆవిడని ఆవిడ గదిలోంచి గెంటేసిన పెద్దమనిషి ఇస్త్రీ చొక్కా నలగకుండా ఇంకా సభల్లో ముందు వరుసలో కూర్చుంటున్నాడు. అతన్ని ఒక్క మాట అనకుండా, ఏమీ చెయ్యకుండా, అన్నీ మింగేసి ఈవిడ పోయింది. నన్ను తినేసినది అదే. అందరం పోయేవాళ్లమే, పగ తీరకుండా పోవడం మాత్రం అన్యాయం అనిపించింది నాకు.

ఆవిడ శ్రీకాకుళం వైపు నుంచి కొత్తకోడలిగా భిలాయి వచ్చింది. భర్త ఇక్కడి ఉక్కు ప్లాంటులో రైలు పట్టాలు తయారయ్యే చోట పనిచేసేవాడు. నేను కుట్టులో చేరేనాటికే ఆయన లేడు, పిల్లలూ లేరు. మా తెలుగువాళ్ల సంఘానికి ఒక హాలు ఉంది, ఆ హాలు వెనక ఒక గది. అప్పటి పెద్దలు ఆ గది ఆవిడకి ఇచ్చి, ఆడపిల్లలకి కుట్టు నేర్పమన్నారు. పది తప్పినవాళ్లం, పెళ్లి కుదరనివాళ్లం, ఇంట్లో కూర్చుని ఏం వెలగబెడుతున్నావని తిట్లు తింటున్నవాళ్లం, అందరం అక్కడ చేరేవాళ్లం. ఇక్కడే పుట్టిన పిల్లలం కాబట్టి మాకు తెలుగు కంటే హిందీ బాగా వచ్చు. ఆవిడ హిందీకి మేం నవ్వేవాళ్లం, మా తెలుగుకి ఆవిడ నవ్వేది. మెడలో టేపు, పెదాల మధ్య గుండుసూదులు ఎప్పుడూ ఉండేవి. సూదులు నోట్లో ఉండగానే మమ్మల్ని తిట్టేది, ఒక్క సూదీ జారేది కాదు. ఆ విద్య నాకు ఇప్పటికీ పట్టుబడలేదు.

చేరిన మొదటిరోజు ఆవిడ మాకు సూది ఇవ్వలేదు, గుడ్డ ఇవ్వలేదు. కత్తిరించే బల్ల మీద ఒక ఆవకాయ జాడీ, ఒక చంటిపిల్లాడి మొలతాడు, ఒక కుక్కపిల్ల మెడపట్టీ వరసగా పెట్టింది.

"వీటికి పోలికేటి? సెప్పండి."

మేం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. చరోదా రైల్వే కాలనీ నుంచి వచ్చే పిల్ల ధైర్యంచేసి, "అన్నీ గోల్‌గా ఉన్నాయి, దీదీ" అంది.

"దీదీ కాదు, మాస్టరమ్మ. గుండ్రం సరే, అది కళ్లకి కనిపించీ పోలిక. నాను అడిగింది అది కాదు." జాడీ మూతి మీద వేలితో కొట్టింది. "దీన్ని మూతిదాకా కుక్కేస్తే ఏటవుతాది? నూనె పొంగి బల్లంతా అవుతాది. మొలతాడు బిగదీసి కడితే ఏటవుతాది? గుంటడి ఒళ్లు కోసుకుపోతాది. కుక్కపిల్ల పట్టీ అయినా అంతే. ఇయ్యాల ఉన్న కుక్క రేపుండదు కదేటి, పెరిగిపోతాది. పొంగేదానికీ పెరిగేదానికీ సందు వొగ్గాల. జాకెట్టుకీ అంతే. లోపల గుడ్డ వొగ్గకుండా కుట్టేవోళ్లు ఇప్పుడే ఎల్లిపోండి."

కుట్టు తెలియనివాళ్లకి ఒక మాట చెప్పాలి. జాకెట్టు పక్కల కుట్టు వేశాక, కుట్టుకి లోపలివైపు వేలి వెడల్పునో రెండు వేళ్ల వెడల్పునో గుడ్డ మిగులుతుంది. పైకి కనిపించదు. కట్టుకున్న మనిషి లావెక్కితే ఆ పాత కుట్టు విప్పి, కొంచెం బయటికి జరిపి మళ్లీ వేస్తాం. బజారులో చాలామంది దర్జీలు గుడ్డ కలిసొస్తుందని దాన్ని కత్తిరించేస్తారు. మా మాస్టరమ్మ దృష్టిలో అలాంటివాళ్లు మనుషుల్లో జమ కారు.

ఆ తరవాత లోకంలో ఏది కనిపించినా ఆవిడ మాకు ఇదే చూపించేది. హాలు పెరట్లో మునగచెట్టుకి వాచ్‌మన్ బట్టలారేసే ఇనపతీగ బిగించి కట్టాడు. చెట్టు లావెక్కి, బెరడు ఆ తీగని లోపలికి మింగేసింది. ఆవిడ క్లాసు ఆపి అందర్నీ చెట్టు చుట్టూ నిలబెట్టి చూపించింది. వాచ్‌మన్‌ని పిలిచి అతని తాతముత్తాతల దాకా వెళ్లి కడిగేసింది. తరవాత భర్త తాలూకు పాత పటకారు తెచ్చుకుని, చెట్టుకి మరీ దెబ్బ తగలకుండా, మధ్యాహ్నమంతా కూర్చుని ఆ తీగని ముక్కలు ముక్కలుగా లాగింది. మేం కాజాలు కుట్టుకుంటూ ఆవిడ గొణుగుడు విన్నాం.

దారాలు కొనడానికి మమ్మల్ని దుర్గ్ బజారుకి తీసుకెళ్లినప్పుడు స్టేషన్లో ప్లాట్‌ఫారం అంచున నిలబెట్టి పట్టాల అతుకు చూపించింది. ఒక పట్టా అయిపోయి ఇంకో పట్టా మొదలయ్యేచోట సన్నటి ఖాళీ ఉంది. "ఎండకి ఇనుము కూడా పెరుగుతాదని మా ఆయన సెప్పేవోడు. ఆ సందు లేకపోతే పట్టా వంకరపోయి బండి పడిపోతాదట. నాను నమ్మలేదు. మే నెలలో ఓపాలి, పూసుమాసం సలిలో ఓపాలి తీసుకొచ్చి సూపించినాడు. అప్పుడు నమ్మినాను" అంది. భర్త గురించి ఆవిడ మాట్లాడడం నేను విన్నది ఇంతే. పెళ్లయిన కొత్తలో ఆ ఇద్దరూ సరదాగా చూసిన చోటు స్టేషన్లో ఆ పట్టాల సందు కాబోలు. చరోదా పిల్ల నవ్వబోయి, ఆవిడ మొహం చూసి మానేసింది.

ఇదంతా చదివి ఆవిడ శాంతమూర్తి అనుకునేరు. కాదు. పగ పట్టడంలో ఆవిడకి సాటి ఎవరూ లేరు. ఒకసారి పక్కనున్న ఉతై పల్లె నుంచి వచ్చే కూరలావిడ పుచ్చు వంకాయలు కలిపి ఇచ్చింది. మాస్టరమ్మ ఆ ఏడంతా వంకాయ తినడమే మానేసింది, అంత ఇష్టమైన కూర. పైగా ఆ కూరలావిడ వచ్చే వేళకి గుమ్మంలో కుర్చీ వేసుకుని, కొనకుండా, ఒక్కొక్క కాయా చేతిలోకి తీసుకుని ఎండకి పట్టి చూసి మళ్లీ బుట్టలో పెట్టేది. చివరికి ఆ మనిషే దండం పెట్టి, "మాఫీ దే దే దాయీ" అని క్షమాపణ అడిగి తప్పు ఒప్పుకుంది. చుట్టాల్లో ఎవరో ఎప్పుడో ఆవిడ వండిన పులుసు నీళ్లగా ఉందన్నారట. ఆ ఇంట్లో ఆవిడ మంచినీళ్లు కూడా ముట్టలేదు. అలాంటి మనిషి.

గుడ్డ విషయంలో మాత్రం పగ పనికిరాదనేది. తనని వెక్కిరించిన తోడికోడలి జాకెట్టు కూడా లోపల రెండు వేళ్ల గుడ్డ వదిలి కుట్టింది, నేను చూశాను. "దాని నోటికీ దాని ఒంటికీ ఏటి సంబంధం? మనిషి మీద కోపం మనిషి మీద సూపించాల. గుడ్డ మీద కాదు" అంది. ఇది నేను గుండెల్లో రాసుకున్నాను. అందుకే తరవాత జరిగినది నాకు అంత మంట పెట్టింది.

సంఘానికి కొత్త కార్యదర్శి వచ్చాడు. కాంట్రాక్టులు చేసే మనిషి, చేతికి బరువైన కడియం, పెద్ద గొంతు. వచ్చిన కొత్తలోనే ఆయన చూపు ఆ వెనక గది మీద పడింది. దేనికని అడగండి. ఆయనా ఆయన స్నేహితులూ సాయంత్రాలు పేకాడుకోవడానికి. కాగితాల మీద మాత్రం దానికి "విశ్రాంతి గది" అని పేరు పెట్టారు. మాస్టరమ్మ ఊళ్లో ఎవరో పెద్దలు పోతే శ్రీకాకుళం వెళ్లింది. వానలు మొదలయ్యే రోజులు. ఆవిడ తిరిగొచ్చేసరికి గదికి కొత్త తాళం ఉంది. మిషన్లు బయట చూరు కింద ఉన్నాయి. ఆ చూరు వానకి ఏమూలకీ సరిపోదు. బెల్టులు నాని ఉబ్బాయి, చక్రాలకి తుప్పెక్కింది, బల్ల చెక్కలు పొరలు పొరలుగా లేచాయి. మేం ఏడుస్తూ నిలబడ్డాం. ఆవిడ కొంగుతో ఒక్కొక్క మిషనూ తుడిచి, నూనె వేసి, చక్రం తిప్పి చూసుకుంది.

కార్యదర్శి స్కూటర్ మీద వచ్చాడు. దిగను కూడా లేదు.

"అమ్మగారూ, సంఘం ఇబ్బంది మీరు అర్థం చేసుకోవాలి. కాస్త సర్దుకోవాలి. మీ ఇంట్లో వరండా ఉంది కదా, అక్కడ పెట్టుకోండి."

"వరండాలో నాలుగు మిషన్లు పట్టవు బావూ."

"ఎడ్జస్ట్ అవ్వాలమ్మా. మేం అవడం లేదా?"

ఆవిడ అతన్ని తలనుంచి కాలిదాకా చూసింది. ఇప్పుడు తిడుతుంది, ఇప్పుడు చీరేస్తుంది అని మేం ఎదురుచూశాం. వాచ్‌మన్‌ని అన్న మాటల్లో సగం అన్నా నాకు చాలేది. ఆవిడ, "సరేనండి" అంది. అంతే. రిక్షాల్లో మిషన్లు ఎక్కించుకుని, ఊరికి ఆ చివరనున్న క్యాంపు అనే బస్తీలో తను అద్దెకుండే ఇంటికి పోయింది.

క్యాంపు అంత దూరం పిల్లల్ని ఎవరు పంపుతారు? ఒక్కొక్కరే మానేశారు. కొన్నాళ్లకి క్లాసన్నదే లేకుండా పోయింది. మిషన్లు ఒకటి తప్ప అన్నీ ఎవరెవరికో ఇచ్చేసింది. పాఠం చెప్పకుండా ఉండలేని మనిషి, గోడతో మాట్లాడేది. నేను వెళ్తే టీ ఇచ్చి, నా చేతిసంచి కుట్టు విప్పి మళ్లీ కుట్టేది, ఏదో ఒకటి నేర్పాలి కనుక. ఆ వెనక గదిలోంచి పేకల చప్పుడు, నవ్వులు రోడ్డు మీదికి వినిపించేవి. అటు వెళ్లినప్పుడల్లా ఆ పైకప్పు కూలాలని నేను మొక్కుకునేదాన్ని. ఇప్పుడూ మొక్కుకుంటాను, దాచుకోవడం దేనికి.

ఇంతకంటే పెద్ద విడ్డూరం వినండి. ఆ గెంటేసినవాళ్ల ఇంట్లో కూతురి పెళ్లి వచ్చింది. కార్యదర్శి భార్య, సిగ్గూ ఎగ్గూ లేకుండా, పట్టుచీర పట్టుకుని తిన్నగా క్యాంపుకి, మా మాస్టరమ్మ ఇంటికే వచ్చింది. భిలాయిలో అంత ఫిట్టింగు ఇంకెవరికీ రాదు మరి. ఈవిడ కొలతలు తీసుకుంది, కుట్టింది, ఇచ్చింది. పెళ్లిలో అందరూ ఆ జాకెట్టు గురించే మాట్లాడుకున్నారట, పోతపోసినట్టు అమరిందని. నేను పరుగున వెళ్లి దెబ్బలాడాను.

"మాస్టరమ్మా, మీకు రోషం లేదా? ఆవిడకెందుకు కుట్టారు?"

ఆవిడ సూదులు నోట్లో పెట్టుకుని, "పని వచ్చింది, కుట్టినాను" అంది.

"నేనైతే గుడ్డ పాడుచేసి మొహాన కొట్టేదాన్ని."

"పాడుచేస్తే నాకు పని రాదనుకుంటారు. నోరు మూసుకుని టీ తాగు."

టీ తాగాను. ఆ రోజు నుంచి నాకు ఒక సంగతి ఖాయమైపోయింది. ముసలితనం ఆవిడ పగని కూడా తినేసింది, వంకాయలకి ఏడాది కోపం పట్టిన మనిషి ఇప్పుడు శత్రువుకి పట్టుజాకెట్టు కుట్టి పెడుతోంది అనుకున్నాను. అలా అనుకుంటూనే ఉండగా ఆవిడకి ఆయాసం పట్టుకుంది, మంచానపడింది, పోయింది.

సంఘం హాల్లోనే సంతాపసభ పెట్టారు. ఫోటోకి దండ వేసింది ఎవరనుకున్నారు? ఆయనే. మైకు పట్టుకుని, "సంఘానికి గది అవసరమైతే ఒక్క మాట అనకుండా అప్పగించిన త్యాగమయి. సర్దుకుపోవడమంటే ఏమిటో ఆమెను చూసి నేర్చుకోవాలి" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. వెనక గదిలో ఆ వేళ కూడా పేక ఆగలేదు, మైకు ఆగినప్పుడల్లా ఎవరో ముక్క విసిరిన చప్పుడు వినిపించింది. నేను లేవబోయాను. చరోదా పిల్ల, ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి, నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "ఛోడ్ దే అక్కా, ఇయ్యాల వద్దు" అంది. కూర్చున్నాను. కానీ సర్దుకుపోయింది అన్న మాట నా గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఆవిడ బతికుండగా ఆవిడ గది తీసుకున్నారు, పోయాక ఆవిడ కోపం కూడా తీసేసుకున్నారు.

పోయిన వారం కార్యదర్శి భార్య నా దుకాణం మెట్లెక్కింది. చేతిలో ప్లాస్టిక్ సంచి. పోయినావిడ గురించి కాస్త విచారపడి, "మీ మాస్టరమ్మ తరవాత నువ్వేనట కదమ్మా" అని, సంచిలోంచి ఆ జాకెట్టు తీసింది. ముదురు ఎరుపు పట్టు, చేతులకి పెద్ద జరీ అంచు.

"కొడుకు పెళ్లి కుదిరింది. వాడి పెళ్లికి కూడా ఈ చీరే కట్టుకోవాలని. కూతురి పెళ్లిలో ఎంత బాగుందన్నారో! ఇప్పుడు కొంచెం ఒళ్లు చేశాను కదా, థోడా లూజ్ చేసి ఇచ్చెయ్. ఆవిడ లోపల గుడ్డ బాగా వదులుతుందని అందరూ చెప్తారు."

అవును, అందరికీ తెలుసు. నాకే ముందు తెలుసు. జాకెట్టుని లోపలివైపుకి తిప్పాను.

గుడ్డ లేదు. చంక కింద నుంచి నడుము దాకా, రెండు పక్కలా, కుట్టుని ఆనుకుని కత్తిరించేసి ఉంది. చేతుల్లో లేదు, వీపులో లేదు, భుజాల మీద లేదు. ఊరికే కత్తిరించి వదిలెయ్యలేదు కూడా. పట్టు పోగులు ఊడకుండా ఆ అంచు పొడుగునా అదే రంగు దారంతో, మిల్లీమీటరు తేడా లేకుండా చేతికుట్లు వేసింది. అంత సన్నటి పని నేను ఆవిడ చేతిలో కూడా ఎప్పుడూ చూడలేదు. ఆ ముసలి కళ్లతో, ఆ క్యాంపు ఇంటి వెలుతుర్లో, ఎన్ని రోజులు కూర్చుని ఉంటుందో! కూతురి పెళ్లినాడు ఆ ఒంటికి పోతపోసినట్టు ఉండాలి, ఆ మర్నాటి నుంచి ఇంకెప్పుడూ పట్టకూడదు. అదీ ఆవిడ కుట్టినది.

నాకు నవ్వు వచ్చింది. ఆ వెంటనే కళ్లమ్మట నీళ్లు వచ్చాయి. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. మాస్టరమ్మ ఏమీ మింగలేదు. తనకి ప్రాణంతో సమానమైన నియమం ఒక్కటే ఉంటే, దాన్ని ఒక్కసారే, ఒక్క మనిషి మీదే తప్పింది.

"ఏమైందమ్మా?" అంది కార్యదర్శి భార్య.

"ఇది వదులవదండి. లోపల ఏమీ లేదు."

ఆవిడ నమ్మలేదు. తనే లాక్కుని చూసింది, వేలితో తడిమింది. "అయ్యో, మర్చిపోయినట్టుంది పాపం. వయసైపోయింది కదా."

"మా మాస్టరమ్మ మర్చిపోదండి."

మెల్లగానే అన్నాను. ఆవిడ తలెత్తి నా మొహంలోకి చూసింది. గది, వాన, మిషన్లు ఆవిడకి గుర్తొచ్చాయో లేదో నాకు తెలియదు, రావాలని మాత్రం గట్టిగా కోరుకున్నాను. మొహం ఎర్రబడింది.

"పోనీ పక్కన వేరే గుడ్డ అతుకు."

"అతుకుతాను. అతుకు కనిపిస్తుంది. కొడుకు పెళ్లిలో చెయ్యెత్తి అక్షింతలు వేసినప్పుడు అందరికీ కనిపిస్తుంది."

"నీకు రాకపోతే రాదని చెప్పు. ఊళ్లో ఇంకెవరూ లేరా?" అని జాకెట్టు సంచిలో కుక్కుకుని విసురుగా మెట్లు దిగింది.

ఎందుకు లేరు, ఈ రోడ్డు పొడుగునా దర్జీలే. పని పక్కన పెట్టి నేను గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను. కుట్టు మధ్యలో లేచానని పైనుంచి తిట్టుకున్నా సరే. ఎండ నెత్తి మీద ఉంది. ఆవిడ పక్క దుకాణంలోకి వెళ్లింది, వెంటనే బయటికి వచ్చింది. దాని తరవాతి దుకాణంలోకి వెళ్లింది. అక్కడి కుర్రాడు జాకెట్టుని తిరగేసి చూసి, తల అడ్డంగా ఊపి, ఇచ్చేశాడు. మలుపు దగ్గర ముసలి మాస్టర్జీ దుకాణం ఉంది, ఎవరి పనినీ మెచ్చుకోని మనిషి. ఆయన దాన్ని లోపలివైపుకి తిప్పి, కళ్లద్దాలు పైకి జరుపుకుని, వెలుతురు చాలక రోడ్డు మీదికే వచ్చేశాడు. ఆ అంచు కుట్టుని ఎండకి పట్టి కాసేపు చూశాడు. తరవాత లోపలికి కేకేసి తన పనివాళ్లందర్నీ పిలిచాడు. వాళ్లంతా చుట్టూ మూగి, ఆ ఎర్ర జాకెట్టు లోపలివైపుని ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకుని చూస్తున్నారు. కార్యదర్శి భార్య ఖాళీ సంచి పట్టుకుని, రెండో చెయ్యి చాచి, వాళ్లు ఎప్పుడు తిరిగిస్తారా అని ఎండలో నిలబడి ఉంది.